10/22 కాకుండా వేరే సెమీ ఆటో .22 ఏది బాగుంటుంది? (ఎడమచేతి వాటం సమస్య)

ఫ్రిస్కో_పుర్రచేయి
నా దగ్గర రూగర్ 10/22 (.22 సైజు చిన్న తూటా కాల్చే సెమీ ఆటో రైఫిల్) ఉంది. కొనేటప్పుడు అడిగిన ప్రతి ఒక్కరూ ఇదే కొనమన్నారు, కొనేశాను. రైఫిల్ చెడ్డదని అనను. కానీ నాది ఎడమచేతి వాటం. ఎడమ భుజానికి ఆనించి, ఎడమ చెంప బట్ మీద పెడితే తల రైఫిల్‌కి కుడివైపు వస్తుంది. ఖాళీ షెల్స్ (పేలిన తూటా గుల్లలు) బయటికొచ్చేదీ అటే. పొట్టి చేతుల చొక్కా వేసుకెళ్తే కుడి మోచేతి మీద వేడి షెల్ పడుతుంది, కళ్లద్దాల మీద సన్నటి మసి పేరుకుంటుంది.

రెండో ఫిర్యాదు: చివరి రౌండ్ (తూటా) పేలాక బోల్ట్ (రౌండ్ వెనక ముందుకీ వెనక్కీ కదిలే ఉక్కు ముక్క) తెరిచి ఆగదు. ఖాళీ అయిందని తెలియక ఉత్తుత్తి ట్రిగ్గర్ నొక్కుతుంటాను, పక్క లేన్ వాళ్లు ముసిముసిగా నవ్వుతుంటారు.

నేను కాల్చేది 50 గజాల్లో కాగితం, అప్పుడప్పుడు స్టీల్ ప్లేట్లు. వేట లేదు, ఆత్మరక్షణ గోల లేదు. శనివారం పొద్దున కాస్త సరదా, అంతే. వించెస్టర్ వైల్డ్‌క్యాట్, సావేజ్ ఎ22, స్మిత్ అండ్ వెసన్ ఎంఅండ్‌పి 15-22 చూస్తున్నాను. వాడినవాళ్లే చెప్పండి, యూట్యూబ్ చూసి చెప్పకండి. గ్రీన్ కార్డ్ ఉంది, కాబట్టి వీసా పంచాయితీ వద్దు.

బెజవాడ_బుల్లోడు
10/22 అంటే మన హీరో హోండా స్ప్లెండర్. 1964 నుంచి వస్తోంది, ఏ ఊళ్లో అయినా స్పేర్ పార్టులు దొరుకుతాయి, నట్టూ బోల్టూ నువ్వే విప్పుకోవచ్చు. అమ్మే ఆలోచన మానెయ్. బీఎక్స్ ట్రిగ్గర్ వేయించు, ఆరు పౌన్ల దగ్గరుండే లాగుడు మూడులోపుకి వస్తుంది. రెండు పిన్నులు తీస్తే పాత ట్రిగ్గర్ సెట్టు మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది, కొత్తది పెట్టుకోవడమే.

ఫ్రిస్కో_పుర్రచేయి
అన్నా, ట్రిగ్గర్ గురించి నేనెక్కడ అడిగాను? మోచేతి మీద పడే షెల్‌కి ట్రిగ్గర్ మారిస్తే ఏం ఒరుగుతుంది?

బెజవాడ_బుల్లోడు
ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకో. పది డాలర్లలో సమస్య తీరింది.

ఎడిసన్_అంకుల్
అందరూ రూగర్ రూగర్ అంటారు కానీ మార్లిన్ మోడల్ 60 ని ఎవరూ తలచుకోరు. 1960లో వచ్చింది, బ్యారెల్ కింద ట్యూబ్ మ్యాగజైన్. మ్యాగజైన్ పోతుందనే బెంగ లేదు. చివరి రౌండ్ తర్వాత బోల్ట్ ఆగే ఏర్పాటు కూడా తర్వాతి వాటిలో పెట్టారు. బాక్సులోంచి తీసి కాలిస్తే మార్పులు చేయని 10/22 కన్నా గురి బాగుంటుందని పాతకాలం వాళ్లందరూ ఒప్పుకుంటారు. ఇప్పుడు కొత్తవి రావడం లేదు, మార్లిన్‌ని 2020లో రూగరే కొనేసింది. పాతవే వెతుక్కోవాలి.

ఇక్కడ మా న్యూజెర్సీ వింత ఒకటి వినండి. 17 రౌండ్లు పట్టే పాత మోడల్ 60 మా రాష్ట్రంలో 2018 దాకా 'అసాల్ట్ ఫైర్‌ఆర్మ్' కింద లెక్కగా ఉండేది! తాతలు ఉడతల్ని కొట్టుకునే కర్ర బట్ రైఫిల్ అది. ట్యూబ్‌లో ఎన్ని పడతాయన్నదే చట్టం చూసేది, చూడ్డానికి ఎంత అమాయకంగా ఉన్నా సరే.

ఓరుగల్లు_పోరడు
గింత లొల్లి ఎందుకన్నా. ఎడమచేతి బోల్ట్ యాక్షన్ కొనుక్కో. సావేజ్ వాళ్లవి, సీజెడ్ వాళ్లవి ఉన్నయ్. నువ్వు బోల్ట్ లాగితేనే షెల్ బయటికొస్తది, అదీ ఎడమ దిక్కు. రౌండ్లు గూడ తక్కువ ఖర్చయితయ్.

ఫ్రిస్కో_పుర్రచేయి
తమ్ముడూ, శీర్షికలో సెమీ ఆటో అని రాశాను కదా.

ఓరుగల్లు_పోరడు
శీర్షిక ఎవలు సదువుతరన్నా 😄

కొత్త_బిచ్చగాడు
తెలియక అడుగుతున్నా. సెమీ ఆటో అంటే నొక్కి పట్టుకుంటే వరసపెట్టి పేలేదేనా? అలాంటివి మామూలు జనానికి అమ్ముతారా?

బే_ఏరియా_భాస్కరం
కాదు. ఒకసారి నొక్కితే ఒకటే పేలుతుంది. ఇంకోటి కావాలంటే వేలు వదిలి మళ్లీ నొక్కాలి. 'సెమీ' ఎక్కడంటే, ఖాళీ షెల్ బయటికి తోసి కొత్త రౌండ్ లోపలికి ఎక్కించే పని అదే చేసుకుంటుంది. నువ్వు చెప్పే వరస కాల్పులది ఫుల్ ఆటో, దాని చట్టాలే వేరు.

.22 సెమీ ఆటోల్లో దాదాపు అన్నీ బ్లోబ్యాక్ పద్ధతి. పేలినప్పుడు పుట్టిన ఒత్తిడే షెల్‌ని వెనక్కి నెడుతుంది, బోల్ట్ బరువూ స్ప్రింగూ దాన్ని కాసేపు ఆపి, బుల్లెట్ బ్యారెల్ దాటాక వదులుతాయి. గ్యాస్ గొట్టాలు, పిస్టన్లు ఏమీ ఉండవు. అందుకే తేలిక, అందుకే చవక, అందుకే మొహం మీద మసి కూడా.

మా కాలిఫోర్నియాలో పిస్టల్ గ్రిప్ లాంటి హంగుల మీద ఉన్న నిషేధం సెంటర్‌ఫైర్ (నిప్పంటించే మందు షెల్ అడుగున నడిమధ్య ఉండే రౌండ్ల) సెమీ ఆటోలకే, .22 లాంటి రిమ్‌ఫైర్‌కి (ఆ మందు అంచులో ఉండేవాటికి) కాదు. కాబట్టి 15-22 ఇక్కడా కొనుక్కోవచ్చు, మ్యాగజైన్ మాత్రం పది రౌండ్లది. డబ్బు కట్టాక పది రోజులు ఆగాలి. మీ టెక్సాస్ వాళ్లకి ఈ బాధలు ఎక్కడ తెలుస్తాయి.

మధురవాడ_మాధవి
నేను 15-22 వాడుతున్నాను. రాయడం కుడిచేత్తోనే, కానీ చూపులో ఎడమ కన్నుది పైచేయి. రెండు చేతులూ చాచి బొటనవేళ్ల మధ్య చిన్న సందు చేసి, దూరంగా ఉన్న గడియారాన్ని అందులోంచి రెండు కళ్లతో చూడండి. ఒక్కో కన్నూ మూసి చూస్తే, ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం కదలకుండా ఉంటుందో అదే పైచేయి కన్ను. రైఫిల్ ఎడమ భుజానికి మార్చమని రేంజ్‌లో ఒక పెద్దాయన చెప్పారు. మొదట్లో ఇబ్బందిగా ఉన్నా తర్వాత గ్రూపులు (కాగితం మీద పడ్డ గుంపులు) దగ్గరికొచ్చాయి.

15-22లో షెల్ రైఫిల్‌కి తగిలి ముందుకు పక్కకు పోతుంది, నా మొహం వైపు రావడం దాదాపు లేదు. చివరి రౌండ్ తర్వాత బోల్ట్ తెరిచి ఆగుతుంది. బట్ పొడవు తగ్గించుకోవచ్చు, నాలాంటి అయిదడుగుల వాళ్లకి అది చాలా పెద్ద విషయం. 10/22 మామూలు కర్ర బట్ నాకు పొడవెక్కువై మెడ నొప్పి పుట్టేది. మ్యాగజైన్ పక్కన ఒక బొడిపె ఉంటుంది, దాన్ని కిందికి లాగి పట్టుకుంటే స్ప్రింగ్ బరువు తెలియకుండా రౌండ్లు పడిపోతాయి. గోళ్లు విరగవు (మగవాళ్లకి ఇది అర్థం కాదు, వదిలేయండి).

నచ్చనిది: పైనా కిందా ప్లాస్టిక్కే. చేతిలోకి తీసుకుంటే బొమ్మలా అనిపిస్తుంది.

ఆవకాయ_ఎట్_ఆస్టిన్
ఇవన్నీ సరే, ఇండియా నుంచి అత్తగారు వచ్చినప్పుడు ఎక్కడ పెడతారు?

ఫ్రిస్కో_పుర్రచేయి
తాళం ఉన్న సేఫ్‌లో. మా అత్తగారు ఆ సేఫ్ చూసి బంగారం అనుకున్నారు. మా మర్యాద పెరిగింది, నేను దిద్దలేదు.

ఆవకాయ_ఎట్_ఆస్టిన్
😂😂 నవ్వులాట పక్కన పెడితే, పిల్లలున్న ఇల్లయితే సేఫ్ తప్పనిసరి అనుకోండి. టెక్సాస్‌లో అజాగ్రత్తగా వదిలేసిన, లోడ్ చేసిన తుపాకి పదిహేడేళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే అదే ఒక నేరం.

హెచ్‌వన్_హనుమంతు
వీసా పంచాయితీ వద్దన్నారు కానీ నాది అదే పంచాయితీ. హెచ్‌1బి మీద ఉన్నాను. కొనను, ఊరికే ఫ్రెండ్ రైఫిల్‌తో రేంజ్‌లో నాలుగు రౌండ్లు కాలిస్తే ఏమైనా అవుతుందా?

ఫారం_4473
అవుతుంది. ఈ ఒక్క పోస్టు జాగ్రత్తగా చదవండి. ఇమ్మిగ్రేషన్‌లో ఇన్నేళ్లు కష్టపడి, శనివారం సరదాకి పోగొట్టుకునేవాళ్లు ఉంటారు.

ఫెడరల్ చట్టం (18 యూఎస్‌సీ 922(జి)(5)) ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకి గానీ రౌండ్లు గానీ ఉండకూడదు. హెచ్‌1, హెచ్4, ఎఫ్1, ఎల్1 అన్నీ అందులోకే. 'ఉండటం' అంటే కొనడమే కాదు, చేతిలో పట్టుకోవడం కూడా. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా అంతే, ఫ్రెండ్ ఇచ్చినా అంతే, ఇచ్చిన ఫ్రెండ్‌కి కూడా చుట్టుకోవచ్చు.

మినహాయింపులు ఉన్నాయి. ఎక్కువమంది వాడేది, ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్స్ దగ్గర ఉండటం. టెక్సాస్‌లో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇస్తుంది, ఏటా ఆగస్టు 31తో గడువు అయిపోతుంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ నిబంధన కూడా ఉంది. మీ కేసుకి ఇది సరిపోతుందా లేదా అన్నది ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి, నన్ను కాదు.

'రేంజ్‌కి వెళ్లినందుకు ఎవరు పట్టుకుంటారు' అనేవాళ్లు రెహైఫ్ కేసు చదవండి. ఫ్లోరిడాలో స్టూడెంట్ వీసా మీద చదువుతూ, కాలేజీ తీసేశాక స్టేటస్ పోయిన అబ్బాయి. రేంజ్‌కి వెళ్లి కాల్చినందుకు కేసు పెట్టారు. అది 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తనకు స్టేటస్ లేదన్న సంగతి అతనికి తెలుసని కూడా ప్రభుత్వమే రుజువు చేయాలని కోర్టు చెప్పింది. రేంజ్‌లో కాల్చడం తప్పు కాదని మాత్రం చెప్పలేదు.

హెచ్‌వన్_హనుమంతు
అయ్య బాబోయ్. మా ఆఫీసు బ్యాచ్ సగం మంది రేంజ్ రీల్స్ పెట్టారు. అందరూ హెచ్‌1.

బెజవాడ_బుల్లోడు
4473 గారు మరీ భయపెడుతున్నారు. ఏళ్ల తరబడి చూస్తున్నా, రేంజ్‌లో ఎవరూ వీసా అడగరు. డ్రైవింగ్ లైసెన్స్ చూసి గన్ ఇస్తారు.

ఫారం_4473
రేంజ్‌వాడు అడగడు, సంతకం పెట్టే కాగితంలో ఉంటుంది. 'నేను చట్టప్రకారం అర్హుడిని' అని మీరే రాసిస్తారు. రేపు గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూలో ఆ రీల్ ఎవరైనా ముందు పెడితే మీరొచ్చి సమాధానం చెబుతారా?

హెచ్‌వన్_హనుమంతు
నాకు లాయర్ ఫీజు కన్నా హంటింగ్ లైసెన్స్ చవకలా ఉంది. ముందు లాయర్ దగ్గరికే వెళ్తాలెండి. అందాకా వచ్చి దూరంగా కూర్చుని చూస్తా.

లెస్టర్_డాక్టరమ్మ
మాకు ఇక్కడ యూకేలో సెమీ ఆటో రైఫిల్ అంటే .22 రిమ్‌ఫైర్ ఒక్కటే. 1987లో హంగర్‌ఫర్డ్ కాల్పుల తర్వాత 1988 చట్టంతో మిగతా సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్లన్నీ పోయాయి, 22 మిగిలింది. అదైనా పోలీసులు ఇచ్చే ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్ మీదే. ఇంటికొచ్చి క్యాబినెట్ ఎక్కడ బిగించారో చూస్తారు, మా జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గర ఆరోగ్య వివరాలు కనుక్కుంటారు. నేనూ జీపీనే, నా వివరాలు ఇంకో జీపీ రాయాలి :) మా క్లబ్బులో 10/22లు, 15-22లు రెండూ ఉన్నాయి. ఎడమచేతి వాళ్లు 15-22 వైపే వెళ్తారు, మాధవి గారు చెప్పింది నిజమే.

డాక్టర్‌గా ఒక మాట. .22 రౌండ్లలో బుల్లెట్ సీసం, ఎక్కువ రౌండ్ల ప్రైమర్‌లోనూ (పిన్ కొడితే అంటుకునే మందు) సీసమే. మొహం మీద పడే ఆ మసిని తేలిగ్గా తీసుకోకండి. ఇండోర్ రేంజ్ అయితే గాలి ఆడేది చూసుకోండి. కాల్చిన చేతులతో సమోసా తినకండి. చల్లటి నీళ్లు, సబ్బుతో మొహం చేతులు కడుక్కుని, ఇంటికెళ్లి చొక్కా మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి. గర్భంతో ఉన్నవాళ్లు రేంజ్‌కి దూరంగా ఉండటమే మేలు.

మెల్బోర్న్_మామ
మీరంతా అదృష్టవంతులు. 1996లో పోర్ట్ ఆర్థర్ తర్వాత ఇక్కడ సెమీ ఆటో .22 కూడా కేటగిరీ సి కిందికి పోయింది. రైతులకీ అలాంటి వృత్తి అవసరం ఉన్నవాళ్లకీ తప్ప నాలాంటి ఐటీ కూలీకి రాదు. నాది సీజెడ్ బోల్ట్ యాక్షన్. ఓరుగల్లు తమ్ముడి సలహా మాకు సలహా కాదు, చట్టం.

ఓరుగల్లు_పోరడు
చూసిండ్రా, నా మాట ఒక దేశం మొత్తం పాటిస్తున్నది.

గుంటూరు_గాంధీ
ఒక్క విషయం అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. 2022లో మీ టెక్సాస్‌లోనే ఉవాల్డేలో పంతొమ్మిది మంది పసిపిల్లలు పోయారు. అది కూడా సెమీ ఆటో రైఫిలే కదా. మనం పిల్లల్ని అక్కడి స్కూళ్లకే పంపుతూ, శనివారం అదే ఆకారంలో ఉన్నదాన్ని పట్టుకుని సరదా అంటే మనసు ఎలా ఒప్పుతుంది?

బెజవాడ_బుల్లోడు
వచ్చేశారు. క్రికెట్ బ్యాట్‌తో కూడా తలలు పగలగొడతారు సార్, ఆడటం మానేస్తామా.

మధురవాడ_మాధవి
బుల్లోడు గారూ, అలా తీసిపారేసే ప్రశ్న కాదు అది. మా పాప ఎలిమెంటరీలో ఉంది. లాక్‌డౌన్ డ్రిల్ రోజున ఇంటికొచ్చి, లైట్లు ఆపేసి మూలన కూర్చున్నామని చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయినా నేను రేంజ్‌కి వెళ్తున్నాను. నాకున్న సమాధానం, కొనేటప్పుడు తనిఖీలు గట్టిగా ఉండాలి, వయసు పరిమితి పెరగాలి, సేఫ్ తప్పనిసరి కావాలి అని. మీకు అది చాలదనిపిస్తే అర్థం చేసుకోగలను.

గుంటూరు_గాంధీ
చాలదనే అనిపిస్తుంది. కానీ తిట్టకుండా జవాబిచ్చినందుకు థాంక్స్ అమ్మా.

వేదిక_పెద్ద
దీనికి ఇంకో చర్చ పెట్టుకోండి. ఇక్కడ అడిగినాయన మోచేయి ఇంకా కాలుతోంది.

ఎన్‌సీసీ_పాతకాపు
ఆలస్యంగా చూశాను. నేను రైఫిల్ మొదట పట్టింది ఎన్‌సీసీలో. .22 బోల్ట్ యాక్షన్, నేల మీద పడుకుని కాల్చడం. మా హవల్దార్ గారు గ్రూపింగ్ చూసేవారే గానీ బుల్‌కి (టార్గెట్ నడిమధ్యకి) తగిలిందా అని చూసేవారు కాదు. అయిదూ ఒకచోట పడితే మూలన పడ్డా శభాష్ అనేవారు, చెల్లాచెదురైతే ఒకటి బుల్‌లో ఉన్నా రౌండ్లు వేస్ట్ అనేవారు. సైట్లు (గురి చూసే ముక్కలు) తర్వాత జరుపుకోవచ్చు, చెదిరిన చేతిని జరపలేం.

అందుకే అడుగుతున్నా: ఫ్రిస్కో గారూ, మీరు ఏ రౌండ్లు కాలుస్తున్నారు? డబ్బాలో వందలకొద్దీ వచ్చే బల్క్ అయితే ముందు అది మార్చి చూడండి. రిమ్‌ఫైర్‌లో ప్రైమర్ మందు షెల్ అంచులో చుట్టూ పరచి ఉంటుంది. చవక రౌండ్లలో అది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. పిన్ కొట్టినచోట మందు లేకపోతే తుస్సే. అలాంటప్పుడు వెంటనే బోల్ట్ లాగకండి, మూతి టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగి తీయండి.

వేగం సంగతి కూడా ఉంది. మామూలు రోజున శబ్దం వేగం సెకనుకి 1,125 అడుగుల చుట్టూ. సీసీఐ మినీ మ్యాగ్ 1,235 మీద బయల్దేరుతుంది, 50 గజాలు దాటేలోపే శబ్ద వేగం కిందికి దిగుతుంది. దిగేటప్పుడు బుల్లెట్ తొణుకుతుంది. అదే సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ 1,070, మొదట్నుంచీ కిందే. నా 10/22లో మినీ మ్యాగ్‌తో విచ్చుకునే గ్రూప్ దీంతో ముడుచుకుంటుంది. మసి తగ్గదు, అది ఒప్పుకుంటా. కొన్ని సెమీ ఆటోలు ఈ తక్కువ వేగం రౌండ్లతో సరిగ్గా తిరగవు, షెల్ సగంలో ఇరుక్కుంటుంది. మీ రైఫిల్ ఏది తింటుందో దానికే తెలుసు. రెండు మూడు రకాలు ఒక్కో డబ్బా కొని చూడటమే.

కుదిరితే ప్రాజెక్ట్ యాపిల్‌సీడ్ వాళ్ల రైఫిల్ శిక్షణ వీకెండ్‌కి వెళ్లండి. వలంటీర్లు నేర్పుతారు. 25 మీటర్లలోనే కాల్పిస్తారు, బొమ్మలు మాత్రం 400 గజాల దూరంలో ఉన్నట్టు చిన్నవై పోతుంటాయి. 250కి 210 వస్తే 'రైఫిల్‌మన్'. మధ్యలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన 1775 ఏప్రిల్ 19 నాటి కథ చెబుతారు, లెక్సింగ్టన్, కాంకర్డ్ పోరాటాలు. స్లింగ్ (రైఫిల్ పట్టీ) చేతికి ఎలా చుట్టాలో అక్కడ నేర్చుకున్నదే నాకు ఇప్పటికీ పనికొస్తోంది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది చేతిలో 10/22నే (బుల్లోడు గారికి సంతోషం).

బెజవాడ_బుల్లోడు
🙏 స్ప్లెండర్ అని ఊరికే అనలేదు.

ఎడిసన్_అంకుల్
మంచి రౌండ్లు అంటే గుర్తొచ్చింది. 2013లో .22 కోసం వాల్‌మార్ట్ తెరవకముందే లైన్లో నిలబడేవాళ్లం. ఇప్పుడు దొరుకుతున్నాయి కాబట్టి రకాలు ఎంచుతున్నారు.

ఫ్రిస్కో_పుర్రచేయి
అందరికీ థాంక్స్. మూడూ పట్టుకుని చూసి వచ్చాను, అప్‌డేట్ ఇదిగో.

15-22 రేంజ్‌లో అద్దెకు దొరికింది. మాధవి గారు చెప్పినట్టే షెల్ మొహం వైపు రాలేదు. బోల్ట్ ఆగింది, మ్యాగజైన్ మార్చాను, బోల్ట్ వదిలాను, చక్కగా జరిగిపోయింది. స్టీల్ ప్లేట్ల మీద దీన్ని మించింది లేదు. కానీ కాగితం మీద నెమ్మదిగా కాల్చేటప్పుడు అద్దె రైఫిల్ ట్రిగ్గర్ ఇసుకలో లాగినట్టు ఉంది. ఎంతమంది చేతులు మారిందో.

వైల్డ్‌క్యాట్ క్లబ్బులో ఒకతనిది. నాలుగు పౌన్లు, అంత తేలిక రైఫిల్ నేను పట్టలేదు. వెనకాల బటన్ నొక్కితే ట్రిగ్గర్, బోల్ట్ మొత్తం గూడులా కిందికి వచ్చేస్తుంది, శుభ్రం చేయడం నిమిషాల పని. నా రూగర్ మ్యాగజైన్లు అందులో సరిపోయాయి. సేఫ్టీ బటన్ ఎడమచేతికి తిప్పుకోవచ్చు. ఇన్ని పెట్టినవాళ్లు షెల్ మాత్రం కుడికే వదిలారు. మోచేతి కథ మొదటికొచ్చింది. పైగా తేలిక ఎక్కువై నిలబడి కాలిస్తే ముందుభాగం నిలకడగా ఉండదు.

సావేజ్ ఎ22 కొట్లో పట్టుకున్నాను, కాల్చలేదు. అక్యూట్రిగ్గర్ అద్భుతం. ట్రిగ్గర్ లాగుడు బరువు మనమే మార్చుకోవచ్చు. షెల్ కుడికే. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఇక అనుకోనిది. క్లబ్బులో మా పక్క బెంచీ పెద్దాయన నా అవస్థ చూసి తన బ్రౌనింగ్ ఎస్ఎ-22 చేతిలో పెట్టారు. జాన్ బ్రౌనింగ్ గీసినది, 1914 నుంచి ఉంది. ఆయనది జపాన్‌లో మిరోకు వాళ్లు చేసింది. షెల్ కుడికీ పోదు, ఎడమకీ పోదు, నేరుగా కిందికి రాలుతుంది! బట్‌లో ట్యూబ్, పక్కనున్న రంధ్రంలోంచి ఒక్కొక్కటే జారవిడవాలి. బ్యారెల్ చేత్తో తిప్పితే రెండు ముక్కలు. నీలం ఉక్కు, వాల్‌నట్ కర్ర, అంచుల్లో సన్నటి చెక్కుడు. మెట్టినింటికి వచ్చిన కొత్త కోడల్ని చూసినట్టు చూస్తూ కూర్చున్నాను.

మధురవాడ_మాధవి
కిందికి రాలిన షెల్ ఎక్కడ పడింది మరి?

ఫ్రిస్కో_పుర్రచేయి
బెంచీ మీద కాలిస్తే చాప మీద. నిలబడి కాలిస్తే... ముందు చేయి షెల్ రాలే పోర్టు కింద పెట్టాను, చొక్కా మడత సందులోంచి నేరుగా లోపలికి. ఫుల్ హ్యాండ్స్ చొక్కానే, బుల్లోడు గారి సలహా.

బెజవాడ_బుల్లోడు
😂😂😂 కఫ్ బటన్ పెట్టుకోమని వేరే చెప్పాలా.

ఫారం_4473
ఎస్ఎ-22లో చివరి రౌండ్ తర్వాత బోల్ట్ ఆగదు కదా. మీ రెండో ఫిర్యాదు ఏమైంది?

ఫ్రిస్కో_పుర్రచేయి
అందమైన రైఫిల్‌తో ఉత్తుత్తి నొక్కితే బాధ తెలియడం లేదు.

ఎడిసన్_అంకుల్
అలా చెప్పే మా చెల్లెలి మొగుడు నాలుగు కొన్నాడు.

బే_ఏరియా_భాస్కరం
ధర చూశారా? కొత్తది ఎనిమిది వందలు పైమాట. ఆ డబ్బుకి 15-22 కొని, మంచి ట్రిగ్గర్ వేయించి, మిగిలిన దానికి రౌండ్లు వస్తాయి. బుద్ధి ఉన్నవాడు అదే చేస్తాడు. నేనైతే ఎస్ఎ-22 కొంటాను.

శంషాబాద్_ఎగ్జిట్
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, కానీ ఇది అందరూ చదవాలి. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగ్‌ని ఇండియా ట్రిప్‌కి వాడకండి. మా బావ కొడుకు బ్యాక్‌ప్యాక్ అడుగున కుట్టు సందులో ఒకే ఒక్క .22 రౌండ్ ఉండిపోయింది. వచ్చేటప్పుడు ఎవరూ చూడలేదు, తిరుగు ప్రయాణంలో స్కానర్‌లో కనబడింది. ఫ్లైట్ పోయింది, ఆయుధాల చట్టం సెక్షన్ 25 కింద కేసు. తెలియకుండా ఉండిపోయిందని కోర్టులో చెప్పుకోవచ్చు. ఉన్నట్టు తెలిసి ఉండటమే నేరమని సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో అంది, దాని మీద ఆధారపడి హైకోర్టులు చాలా కేసులు కొట్టేశాయి. కొట్టేసేదాకా తిరగాల్సింది మాత్రం మీరే. మా వాడి వీసా స్టాంపింగ్ అప్పుడు ఆ కేసు గురించి అడిగారు కూడా.

ఆవకాయ_ఎట్_ఆస్టిన్
అమ్మో. ఇప్పుడే లేచి నా జిమ్ బ్యాగ్ తిరగేసి దులిపాను. రెండు రౌండ్లు, ఒక ఇయర్ ప్లగ్, ఎప్పటిదో జీడిపప్పు పాకం.

లెస్టర్_డాక్టరమ్మ
ఆ పాకం తినకండి. సీసం.

ఎన్‌సీసీ_పాతకాపు
శంషాబాద్ గారి మాట పైన అంటించండి పెద్దగారూ. నేను రేంజ్ సామానుకి ఎర్ర రంగు డబ్బా ఒకటి వేరుగా పెట్టుకున్నాను, అది గ్యారేజీ దాటదు.

వేదిక_పెద్ద
అంటించాను.

హెచ్‌వన్_హనుమంతు
లాయర్‌తో మాట్లాడాను. నా కేసులో హంటింగ్ లైసెన్స్ తీసుకుని, కాపీ ఎప్పుడూ దగ్గర పెట్టుకోమన్నారు. రీల్స్ మాత్రం వద్దన్నారు. హంటర్ ఎడ్యుకేషన్ ఆన్‌లైన్‌లో మొదలుపెట్టాను. అడవి పంది అడుగుజాడలు గుర్తుపట్టడం నేర్పుతున్నారు. నేను శాకాహారిని.

ఓరుగల్లు_పోరడు
పందికి చెప్పకు ఆ మాట.

ఫ్రిస్కో_పుర్రచేయి
తేల్చేశాను. పెద్దాయన ఎస్ఎ-22 అమ్మనన్నారు (అడిగినందుకు నవ్వారు). ఫోర్ట్‌వర్త్ దగ్గర వాడినది ఒకటి దొరికింది, మిరోకుదే, డీలర్ దగ్గర ఫారం నింపి తెచ్చుకున్నాను. 10/22 అమ్మలేదు, అది మా ఆవిడకి. ఆమెది కుడిచేయి, ఆమెకు దానిలో ఒక్క లోపం కూడా కనబడటం లేదు. నిన్న సీసీఐ స్టాండర్డ్‌తో నా కన్నా చిన్న గ్రూప్ వేసి, కాగితం ఫ్రిజ్ మీద అంటించింది.

ఇప్పుడు కొత్త చిక్కు. బ్యారెల్ ఊడే రైఫిల్ కాబట్టి స్కోప్‌ని రిసీవర్ (బోల్ట్ ఉండే నడిమి భాగం) మీద కాకుండా బ్యారెల్ మీద బిగించి వెనక్కి చాచే మౌంట్ కావాలట. ఆ మౌంట్ వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేక ఉన్న సైట్లతోనే సరిపెట్టుకోమంటారా? చత్వారం మొదలైంది, వెనక సైట్ మసకగా కనబడుతోంది.

ఎన్‌సీసీ_పాతకాపు
వెనక సైట్ మసకగా ఉన్నా పర్లేదు, ముందు సైట్ స్పష్టంగా ఉండాలి. మౌంట్ నా దగ్గర ఒకటి ఖాళీగా ఉంది, ప్లేనోలో ఉంటాను. మెసేజ్ పెట్టండి, స్క్రూలు ఉన్నాయో లేదో చూసి చెబుతా.